పిల్లాడి మెయిల్ మనం చూడాలంటే ఏం చెయ్యాలి?

గుంటూరు_మిర్చి
బాబు ఆరో తరగతి, 11 ఏళ్లు నిండాయి. స్కూల్లో ఒలింపియాడ్ రిజిస్ట్రేషన్‌కి మెయిల్ ఐడీ అడిగితే జీమెయిల్ తీసిచ్చాం. వయసు చాలదని అది ఒప్పుకోకపోతే పుట్టిన సంవత్సరం 2001 అని కొట్టాం (తిట్టకండి, ఊళ్లో సగం మంది చేసిందే). ఇప్పుడు ఆ ఐడీతోనే గేములు, యూట్యూబ్, ఏవేవో సైట్లు. పాత ఆండ్రాయిడ్ ఫోను ఒకటి, హాల్లో విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి వాడతాడు. వాడికొచ్చే మెయిళ్లన్నీ నాకు ఫార్వర్డ్ అయ్యేలా పెడదామని ఉంది. అది సరిపోతుందా? ఉపదేశాలు వద్దు, ఎక్కడ ఏం నొక్కాలో చెప్పండి.

బెజవాడ_బుల్లోడు
పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉందిగా. రాత్రి వాడు పడుకున్నాక తెరిచి చదివెయ్యండి. దీనికో చర్చ!

రూటర్_రామం
ఫార్వర్డింగ్‌లో కనిపించేది సగమే. వచ్చినవి మీకొస్తాయి, వాడు పంపినవి రావు. స్పామ్‌లో పడ్డవీ రావు. పైగా పెట్టిన మొదటి వారం రోజులూ "మీ మెయిళ్లు ఫలానా అడ్రసుకి వెళ్తున్నాయి" అని జీమెయిల్ నెత్తిన పట్టీ వేస్తుంది. గుట్టుగా చేద్దామన్నా కుదరదు.

అసలు సంగతి అది కాదు. ఈ వయసు పిల్లలకి మెయిల్లో ఉత్తరాలు రాసేవాళ్లెవరు? మాటలన్నీ గేము చాట్‌లో నడుస్తాయి. మెయిల్ వాడికి తాళంచెవుల గుత్తి. గేము గానీ యూట్యూబ్ గానీ, "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని ఎవడు నొక్కినా లింకు వచ్చిపడేది అక్కడికే. ఆ గుత్తి ఇంకొకడి చేతిలో పడకుండా చూడటం మీ మొదటి పని. చదవడం తర్వాత సంగతి.

కాబట్టి ముందు ఆ 2001 సంగతి చూడండి. అది ఉన్నంతకాలం గూగుల్ లెక్కలో మీవాడు పెళ్లీడు కుర్రాడు. ప్రకటనలూ అలాగే వస్తాయి, వయసు గేటు ఉన్న వీడియోలూ తెరుచుకుంటాయి.

కాకినాడ_కాజా
పెళ్లీడు కుర్రాడికి మాట్రిమొనీ మెయిళ్లు కూడా వస్తుంటాయి, చూసుకోండి మిర్చి గారూ.

గుంటూరు_మిర్చి
నవ్వుకోండి. వయసు సరిచేస్తే అకౌంటే పోతుందని విన్నాను, నిజమేనా?

మెహిదీపట్నం_మాధవి
సరిచేసి ఊరుకుంటే పోతుంది. పుట్టినతేదీ మార్చగానే 13 నిండలేదని తెలుస్తుంది కాబట్టి, పెద్దవాళ్ల అకౌంట్‌తో పర్యవేక్షణ పెట్టుకోమని 14 రోజుల గడువిస్తారు. ఆలోపు ఫ్యామిలీ లింక్ (పిల్లల అకౌంటుని పెద్దవాళ్లు అదుపులో పెట్టుకునే గూగుల్ యాప్) కలిపి సమ్మతి ఇస్తే అకౌంటు నిలుస్తుంది. గడువు దాటితే ఆపేస్తారు, ఆ తర్వాత డేటా తుడిచేస్తారు.

నన్నడిగితే పాతది వదిలేసి కొత్తది తీయండి. మీ ఫోనులో ఫ్యామిలీ లింక్ యాప్ వేసి, అందులోంచే పిల్లాడి అకౌంటు తెరవాలి, అసలు పుట్టినతేదీతో. పాతది మూసేముందు రెండు పనులు. ఒకటి, గూగుల్ టేక్‌అవుట్‌లో ఫోటోలు, డ్రైవ్ దింపుకోండి. రెండు, ఇన్‌బాక్స్‌లో "వెల్‌కమ్", "వెరిఫై" అని వెతకండి. ఏయే సైట్లలో ఆ ఐడీ ఇచ్చాడో జాబితా దొరుకుతుంది. అక్కర్లేని వాటిలో అకౌంట్ డిలీట్ చేసి, కావలసిన వాటిలో మెయిల్ మార్చాలి. గేము ప్రోగ్రెస్ పాత ఐడీకే ముడిపడి ఉంటుంది, అది మార్చకుండా మూసేస్తే ఇంట్లో యుద్ధమే.

కొత్త ఐడీలో ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం, స్కూలు పేరు పెట్టకండి. ఐడీ చూడగానే పిల్లాడి వివరాలన్నీ తెలిసిపోయేలా ఉంటాయి కొన్ని.

డాలస్_దోసె
ఫ్యామిలీ లింక్ మీద లేనిపోని ఆశలు పెట్టుకోకండి. దాంట్లోంచి మెయిల్ చదవలేరు, చాట్ చదవలేరు. యాప్ వేసుకోవాలంటే మీ అనుమతి, రోజుకి ఎన్ని గంటలు, రాత్రి ఎన్నింటికి తాళం, ఫోను ఎక్కడుంది, క్రోమ్‌లో ఏ సైట్లు తెరుచుకోవాలి, దాదాపు ఇంతవరకే. పిల్లల అకౌంటులో క్రోమ్ ఇన్‌కాగ్నిటో (హిస్టరీ మిగలని మోడ్) ఉండదు, ఆటోమేటిక్ ఫార్వర్డింగ్ కూడా ఉండదు. అంటే మిర్చి గారి మొదటి ప్లాను అక్కడితో సరి.

ఇంకో తిరకాసు. మామూలు జీమెయిల్లో స్పామ్ ఒక ఫోల్డర్లో పడుతుంది. పిల్లల అకౌంటులో గూగుల్ స్పామ్ అనుకున్నది ఇన్‌బాక్స్‌కీ రాదు, స్పామ్ ఫోల్డర్‌కీ రాదు. ఒలింపియాడ్ వాళ్ల హాల్‌టికెట్ మెయిల్ అలా గల్లంతైతే ఎంత వెతికినా దొరకదు. అలాంటివాటికి మీ మెయిలే ఇవ్వండి.

పంతులమ్మ_63
దోసె చెప్పినదానికి ఒక చిట్కా. మీ జీమెయిల్ పేరు తర్వాత, ఎట్ గుర్తుకి ముందు, ప్లస్ పెట్టి ఏ మాటైనా చేర్చండి: మీపేరు, ప్లస్, బాబు. అదీ మీ ఇన్‌బాక్స్‌కే వస్తుంది. సైటుకో మాట పెడితే మీ అడ్రసు ఎవరు అమ్ముకున్నారో కూడా తెలిసిపోతుంది. ఆ ప్లస్ ఉన్న అడ్రసుకి ఫిల్టర్ పెట్టి ఒక లేబుల్ తగిలిస్తే పిల్లాడి సంగతులన్నీ ఒకచోట ఉంటాయి. కొన్ని సైట్లు ప్లస్ గుర్తుని ఒప్పుకోవు, అదొక్కటే లోటు. 11 ఏళ్లవాడికి సొంత మెయిల్ లేకపోయినా గడుస్తుందని నా అభిప్రాయం.

వరంగల్_వేణు
టీచరమ్మ చెప్పింది మస్తుంది. కానీ పాత అకౌంటు ఇడిసిపెట్టే ముందు దాన్ని ఒక్కసారి తనిఖీ చెయ్యిర్రి, ఎవడన్న ఇప్పటికే లోపలున్నడేమో. ఫోన్ల కాదు, కంప్యూటర్ల తెరవాలె, యాప్ల ఇవన్నీ కనబడయి.

గేర్ గుర్తు మీద నొక్కి "సీ ఆల్ సెట్టింగ్స్"కు పో. "ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్"ల మనం పెట్టని ఫిల్టర్ ఉన్నదా చూడు. దొంగ చేసే పని ఇదే. పాస్‌వర్డ్ మారిందని వచ్చే మెయిల్ని నేరుగా ట్రాష్‌కు పంపేటట్టు ఫిల్టర్ పెడతడు, మనకు సంగతే తెల్వదు. మనం పాస్‌వర్డ్ మార్చినా ఫిల్టర్ అట్లనే ఉంటది. తర్వాత "ఫార్వర్డింగ్" పేజీల తెలవని అడ్రసు ఉన్నదా, "అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్"ల "గ్రాంట్ యాక్సెస్" కాడ ఇంకొకల పేరున్నదా చూడు. ఇన్‌బాక్స్ అడుగున కుడిదిక్కు "డీటెయిల్స్" అని సన్నగ ఉంటది, నొక్కితే ఎప్పుడు ఎక్కడికెళ్లి తెరిచిన్రో వస్తది.

గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీల మిగిలినయి: ఏ పరికరాలు లాగిన్ అయి ఉన్నయి, ఏ యాప్లకు అనుమతి ఇచ్చిండు. "ఫ్రీ డైమండ్స్" సైట్లు సైన్ ఇన్ విత్ గూగుల్ అని అడిగేది ఆ అనుమతి కోసమే.

రూటర్_రామం
వేణు మంచి మాట చెప్పాడు. దానికి తోడు రికవరీ ఫోను నంబరు. అమ్మదో నాన్నదో రోజూ వాడే నంబరే ఉండాలి. రీచార్జ్ ఆపేసిన పాత సిమ్ నంబరు ఇస్తే కొన్నాళ్లకి అది ఇంకొకరికి కేటాయిస్తారు, అప్పుడు ఓటీపీ ఎవరికి వెళ్తుందో మీరే ఆలోచించండి.

కాకినాడ_కాజా
సరే, మెయిల్ అయింది. మరి బ్రౌజింగ్? రూటర్లోనే చెత్త సైట్లు ఆపేయొచ్చంటారు కదా, రామం గారి పేరులోనే రూటర్ ఉంది.

రూటర్_రామం
ఆపొచ్చు, డీఎన్‌ఎస్ (సైటు పేరు చెబితే దాని అడ్రసు అంకెలు వెతికిచ్చే సేవ) మార్చి. రూటర్ పేజీ తెరిచి (ఎక్కువ ఇళ్లలో 192.168.1.1 గానీ 192.168.29.1 గానీ, రూటర్ అడుగున రాసి ఉంటుంది) డీహెచ్‌సీపీ (ఇంట్లో పరికరాలకి అడ్రసులు పంచేది) భాగంలో ప్రైమరీ, సెకండరీ డీఎన్‌ఎస్ గళ్లలో వీటిలో ఒక జత వెయ్యండి:

క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీ 1.1.1.3, 1.0.0.3
క్లీన్‌బ్రౌజింగ్ ఫ్యామిలీ 185.228.168.168, 185.228.169.168
యాడ్‌గార్డ్ ఫ్యామిలీ 94.140.14.15, 94.140.15.16

మూడూ ఉచితం. 1.1.1.2 అని కూడా ఒకటుంది, అది వైరస్ సైట్లని మాత్రమే ఆపుతుంది, అశ్లీలాన్ని కాదు. చివరి అంకె చూసుకుని కొట్టండి. ప్రైమరీలో ఫిల్టర్ వేసి సెకండరీలో పాత 8.8.8.8 (గూగుల్‌ది, ఫిల్టర్ లేనిది) వదిలేసేవాళ్లు చాలామంది. అప్పుడు కొన్నిసార్లు ఆగుతుంది, కొన్నిసార్లు ఆగదు, ఎందుకో అర్థం కాదు.

క్లీన్‌బ్రౌజింగ్ గట్టిది. గూగుల్ సేఫ్‌సెర్చ్, యూట్యూబ్ రిస్ట్రిక్టెడ్ మోడ్ బలవంతంగా పెడుతుంది, వీపీఎన్ (దారి మళ్లించి ఫిల్టర్లు తప్పించే) సైట్లనీ ఆపుతుంది. దానివల్ల యూట్యూబ్‌లో కామెంట్లు కనపడవు, అదీ ఇల్లంతటికీ. తాతగారు "నా ప్రవచనాల కింద కామెంట్లు ఏమయ్యాయి" అంటే కంగారుపడకండి.

ఎక్కడ చెడుతుందంటే ఐపీవీ6 (ఇంటర్నెట్ అడ్రసుల కొత్త పద్ధతి) దగ్గర. నెట్ కంపెనీ ఇచ్చిన రూటర్ ఆ దారిలో వేరే డీఎన్‌ఎస్ పంచుతుంటుంది, మీరు వేసిన 1.1.1.3 అలా కూర్చునే ఉంటుంది. అక్కడ కూడా 2606:4700:4700::1113, 2606:4700:4700::1003 వెయ్యాలి. ఆ గళ్లు లేకపోతే లాన్ (ఇంటి నెట్‌వర్క్) వైపు ఐపీవీ6 ఆపేయండి. కొన్ని కంపెనీల రూటర్లు డీఎన్‌ఎస్ గడినే తాళం వేసి ఇస్తాయి. అప్పుడు దాని వెనక మీ సొంత రూటర్ తగిలించి పిల్లల వైఫై దాన్నుంచి ఇవ్వడమే దారి. 1500 రూపాయల లోపుది చాలు.

ఆఖర్న రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. అది అడ్మిన్, అడ్మిన్ అని ఉంటే ఇదంతా మీవాడు రెండు నిమిషాల్లో వెనక్కి తిప్పేస్తాడు.

డాలస్_దోసె
క్రోమ్ సొంత డీఎన్‌ఎస్ వాడుకుంటుంది కదా, రూటర్‌ని లెక్కచేయదు. ఇదంతా బూడిదలో పోసిన పన్నీరు.

రూటర్_రామం
పూర్తిగా కాదు దోసె గారూ. క్రోమ్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ మామూలుగా ఆటోమేటిక్‌లో ఉంటుంది. మీరిచ్చిన డీఎన్‌ఎస్ ఎవరిదో వాళ్లదే ఎన్‌క్రిప్టెడ్ దారి ఉంటే దాంట్లో వెళ్తుంది, వేరేవాళ్ల దగ్గరకి పరిగెత్తదు. ఎవరైనా సెట్టింగ్స్‌లోకి వెళ్లి వేరే పేరు ఎంచుకుంటేనే తప్పించుకుంటుంది.

వరంగల్_వేణు
అది సరే గానీ వైఫై ఇడిసి మొబైల్ డేటా ఆన్ చేస్తే? పక్కింటి దోస్తు హాట్‌స్పాట్ ఇస్తే? రూటర్ గోడ దాకనే రామం అన్నా.

పిల్లగాని ఆండ్రాయిడ్ ఫోన్లనే పెట్టాలె. ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్, నెట్‌వర్క్‌ల "ప్రైవేట్ డీఎన్‌ఎస్" ఉన్నది. దాంట్ల 1.1.1.3 అని అంకెలు కొడితే తీసుకోదు, పేరే కొట్టాలె: ఫ్యామిలీ చుక్క క్లౌడ్‌ఫ్లేర్ అడ్డగీత డీఎన్‌ఎస్ చుక్క కామ్, అన్ని ఇంగ్లీషు చిన్నక్షరాలల్ల. ఇగ వైఫై అయినా డేటా అయినా అదే నడుస్తది. రైల్వే స్టేషన్ల లెక్క ముందు లాగిన్ అడిగే వైఫైకాడ నెట్ రాకుంట అయితది, గప్పుడు కొద్దిసేపు తీసి మళ్ల పెట్టుడే.

మెహిదీపట్నం_మాధవి
ప్రైవేట్ డీఎన్‌ఎస్‌కి తాళం లేదు వేణూ, సెట్టింగ్స్‌లోకెళ్లి పిల్లాడే ఆఫ్ చేయగలడు. వీపీఎన్ యాప్ ఉంటే దాన్నీ దాటేయొచ్చు. అందుకే యాప్ అనుమతి ఫ్యామిలీ లింక్‌లో మీ చేతిలో ఉండాలి. క్రోమ్‌కి ఫ్యామిలీ లింక్‌లో మూడు ఎంపికలున్నాయి: అన్నీ తెరువు, అశ్లీల సైట్లు ఆపే ప్రయత్నం చెయ్యి, నేను ఒప్పుకున్నవే తెరువు. ఎనిమిదేళ్ల వాళ్లకి మూడోది నడుస్తుంది. 11 ఏళ్లవాడికి పెడితే ప్రతి హోమ్‌వర్క్‌కీ మీ ఫోను మోగుతుంది, రెండోది పెట్టండి.

బెజవాడ_బుల్లోడు
ఇంత గొడవ దేనికి? కనపడకుండా కూర్చునే స్పై యాప్‌లు ఉన్నాయి. ఏపీకే (ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైలు) దింపి వేస్తే మెసేజ్‌లు, కాల్స్, స్క్రీన్ అన్నీ మన ఫోనుకి వస్తాయి.

మెహిదీపట్నం_మాధవి
బుల్లోడు గారూ, అది వెయ్యాలంటే ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాప్‌లని పట్టే గూగుల్ తనిఖీ) ఆపాలి, బయటి ఏపీకేకి అనుమతివ్వాలి, యాక్సెసిబిలిటీ మొత్తం తెరవాలి. అంటే మీ పిల్లాడి ఫోనుకున్న తాళాలన్నీ మీరే విప్పుతున్నారు. యాక్సెసిబిలిటీ ఉన్న యాప్ తెర మీదున్నదంతా చదువుతుంది, ఓటీపీలతో సహా. ఆ డేటా మీ ఫోనుకి నేరుగా రాదు, వాడెవడిదో సర్వర్‌కి వెళ్లి అక్కడినుంచి వస్తుంది. ఇలాంటి కంపెనీల సర్వర్లు పగిలి పిల్లల ఫోటోలు, చాట్‌లు బయటపడ్డ వార్తలు ఒకటి రెండు కావు. పిల్లాడిని ఎవరూ చూడకుండా కాపాడాలని, వాడి ఫోటోలన్నీ ఊరూపేరూ లేని వాడికి అప్పజెప్తామా?

పంతులమ్మ_63
పైగా దొరికిపోతుంది. బ్యాటరీ త్వరగా అయిపోవడం, యాక్సెసిబిలిటీ గుర్తు, ఏదో ఒకటి పట్టిస్తుంది. ఒకసారి కనిపెడితే పిల్లలు వాదించరు, స్నేహితుడి ఫోనులో ఇంకో అకౌంటు తెరుస్తారు. ఆ అకౌంటు పేరు కూడా మీకు తెలీదు.

బెజవాడ_బుల్లోడు
సరే, స్పై యాప్ మాట వెనక్కి తీసుకున్నా. కానీ చదవొద్దు అంటే ఒప్పుకోను. పదకొండేళ్ల పిల్లాడికి ప్రైవసీ ఏంటండీ.

పంతులమ్మ_63
చదవొద్దని ఎవరన్నారు? చాటుగా వద్దంటున్నా. అకౌంటు ఇచ్చే రోజే "ఆదివారం ఇద్దరం కూర్చుని చూస్తాం" అని చెప్పి ఇవ్వండి. పది నిమిషాల పని. ఉత్తరం లోపల చదవక్కర్లేదు, పంపినవాళ్ల పేర్లు చూస్తే చాలు. తెలియని పేరు కనిపిస్తే "వీళ్లెవరు నాన్నా" అని అడగండి. కింది మాటలుంటే మాత్రం తెరవాలి: వయసెంత, ఏ స్కూలు, ఇంట్లో ఎవరున్నారు, అమ్మకి చెప్పకు, ఫోటో పంపు, ఇక్కడొద్దు ఫలానా యాప్‌లోకి రా. ఆ చివరిది ముఖ్యం. చెడ్డవాడు మొదట పలకరించిన చోట ఉండడు, మనం చూడలేని చోటికి లాక్కుపోతాడు.

పన్నెండు, పదమూడు దాటాక పేర్లు చూడటం కూడా తగ్గించాలి.

గుంటూరు_మిర్చి
మరి ల్యాప్‌టాప్? వాడు నా లాగిన్‌లోనే వాడుతున్నాడు.

మెహిదీపట్నం_మాధవి
అదే మొదట ఆపండి. మీ లాగిన్ అడ్మినిస్ట్రేటర్, మీ బ్రౌజర్లో మీ పాస్‌వర్డులు సేవ్ అయి ఉంటాయి. వాడికి వేరే అకౌంటు, స్టాండర్డ్ యూజర్‌గా. స్టాండర్డ్ యూజర్ నెట్‌వర్క్ డీఎన్‌ఎస్ మార్చలేడు.

మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ కావాలంటే పిల్లాడు మైక్రోసాఫ్ట్ పిల్లల అకౌంటుతోనే విండోస్‌లోకి రావాలి, లోకల్ అకౌంట్ అయితే పనిచేయదు. వెబ్ ఫిల్టర్ ఎడ్జ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. అందుకని అది క్రోమ్ లాంటి మిగతావాటిని తెరవనివ్వదు. "క్రోమ్ పాడైంది" అని వాడు వస్తే పాడవలేదని అర్థం.

డాలస్_దోసె
ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్లకి: స్కూలు ఇచ్చిన క్రోమ్‌బుక్, స్కూలు మెయిల్ మన ఫ్యామిలీ లింక్ పరిధిలోకి రావు, స్కూలు వాళ్ల అడ్మిన్‌దే పెత్తనం. ఐఫోన్ పిల్లలకైతే ఫ్యామిలీ లింక్ ఫోనుని అదుపు చెయ్యలేదు, ఆపిల్ స్క్రీన్ టైమ్ వాడాలి. అందులో "లిమిట్ అడల్ట్ వెబ్‌సైట్స్" పెడితే సఫారీ ప్రైవేట్ బ్రౌజింగ్ కూడా మాయమవుతుంది. స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ ఫోను పాస్‌కోడ్ ఒకటే పెట్టకండి, పిల్లలు మొదట కొట్టి చూసేది అదే.

కాకినాడ_కాజా
పెద్ద పిల్లలకి ఇన్‌స్టా, వాట్సాప్ సంగతి?

వరంగల్_వేణు
ఇన్‌స్టా 13 నిండినోళ్లకే. టీన్ అకౌంట్లు (ఈ వయసోళ్లకు కట్టుబాట్లతోని ఇచ్చేటియి) మన దేశానికి 2025 ఫిబ్రవరిల వచ్చినయి. పర్యవేక్షణ పెట్టుకుంటే పోయిన ఏడు రోజులల్ల ఎవలెవలకు మెసేజ్ చేసిన్రో పేర్లు కనబడతయి, మాటలు కనబడయి. 16 లోపు పిల్లలు కట్టుబాట్లు సడలించాల్నంటె మన అనుమతి కావాలె. వయసు అబద్ధం చెప్పి తెరిచిన అకౌంటుకు ఇవి వర్తించకపోవచ్చు, మళ్ల 2001 కథనే.

వాట్సాప్‌ల రెండు చూడు. ప్రైవసీల "గ్రూప్స్" కాడ "మై కాంటాక్ట్స్" పెట్టు, లేకుంటె నంబరున్నోడెవడన్నా ఏ గ్రూపులోనన్నా పడేస్తడు. "లింక్డ్ డివైసెస్"ల తెలవని కంప్యూటర్ ఉంటె తీసెయ్.

గుంటూరు_మిర్చి
ఒక్క అనుమానం. పిల్లాడి మెయిల్ మనం చూడటం చట్టప్రకారం తప్పేమీ కాదు కదా? కొత్త డేటా చట్టం అంటున్నారు.

లా_పాయింట్
2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి అడుగుతున్నారు. 18 లోపు వాళ్లంతా దాని దృష్టిలో పిల్లలే. పిల్లల డేటా వాడే ముందు తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలని, పిల్లల మీద నిఘా పెట్టి ప్రకటనలు గురిపెట్టకూడదని తొమ్మిదో సెక్షన్. ఆ బాధ్యత కంపెనీల మీద, ఇంట్లో అమ్మానాన్నల మీద కాదు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి.

ఇక్కడ ఎవరూ రాయనిది ఒకటి చెప్తాను. చూస్తూ చూస్తూ నిజంగా ఏదైనా కనిపిస్తే? చాలామంది మొదట చేసేది పిల్లాడిని కొట్టి అకౌంటు డిలీట్ చెయ్యడం. దాంతో సాక్ష్యం మొత్తం పోతుంది. ఏదీ తుడవకండి. అవతలివాడి ప్రొఫైల్ లింకు, యూజర్ ఐడీ, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. పేరు మార్చుకుంటాడు, లింకు ముఖ్యం. మెయిల్ అయితే కంప్యూటర్లో మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్", ఆపై "డౌన్‌లోడ్ ఒరిజినల్". ఎక్కడినుంచి వచ్చిందో తెలిపే హెడర్లు అందులోనే ఉంటాయి, స్క్రీన్‌షాట్‌లో ఉండవు. బ్లాక్ చేయడం ఇవన్నీ అయ్యాక. డబ్బు అడిగితే ఇవ్వకండి, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు.

పిల్లల నగ్నచిత్రం ఉంటే దాన్ని సాక్ష్యం కోసమని బాబాయికో వకీలుకో వాట్సాప్‌లో పంపకండి, స్క్రీన్‌షాట్ కూడా తీయకండి. పంచడమే ఐటీ చట్టం 67బీ కింద నేరం. ఫోను అలాగే పట్టుకెళ్లి పోలీసులకి చూపించండి. ఆన్‌లైన్‌లో పిల్లలని లైంగికంగా వేధించడం 2012 పోక్సో చట్టంలోకి కూడా వస్తుంది.

బెజవాడ_బుల్లోడు
అన్నిటికీ 1930 (సైబర్ నేరాల హెల్ప్‌లైన్) కొట్టడమేగా?

లా_పాయింట్
1930 ముఖ్యంగా డబ్బు పోయినప్పుడు, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. పిల్లల వేధింపులకి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో స్త్రీలు, పిల్లల నేరాలకి వేరే భాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. ప్రమాదం ముంచుకొస్తే 112, పిల్లల సాయానికి 1098. ఫోటో బయట తిరుగుతుందన్న భయముంటే "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది, 18 లోపు తీసిన చిత్రాలకి. చిత్రం ఎక్కడికీ ఎక్కించరు. మీ ఫోనులోనే దానికొక వేలిముద్రలాంటి సంఖ్య తయారవుతుంది, ఆ సంఖ్య మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటివి దాంతో పోల్చి ఆపుతాయి.

గుంటూరు_మిర్చి
కొత్త అకౌంటు ఫ్యామిలీ లింక్‌లో తీశాను. పాతదాంట్లో వేణు గారు చెప్పిన చోట్లన్నీ చూస్తే ఫిల్టర్లేం లేవు గానీ, అనుమతిచ్చిన యాప్‌లు 14 ఉన్నాయి, అన్నీ పీకేశాను. రూటర్లో 1.1.1.3 పడింది, ఐపీవీ6 గళ్లు కూడా. ఫోనులో, ల్యాప్‌టాప్‌లో ఆగుతున్నాయి. కానీ హాల్లో టీవీలో యూట్యూబ్ మాత్రం ఏదిపడితే అది చూపిస్తోంది. ఎక్కడ తప్పు చేశాను?

రూటర్_రామం
తప్పేం లేదు. డీఎన్‌ఎస్‌కి సైటు పేరే కనిపిస్తుంది, యూట్యూబ్ లోపల ఏ వీడియో నడుస్తోందో కనిపించదు. టీవీలో ఎవరి అకౌంటు లాగిన్ అయి ఉందో చూడండి. మీదే అయుంటుంది, అంటే టీవీ ముందు కూర్చున్నది మీరే అనుకుంటోంది. మీ అకౌంటు తీసేసి బాబు ప్రొఫైల్ చేర్చండి. లేదా టీవీ యూట్యూబ్ సెట్టింగ్స్‌లో రిస్ట్రిక్టెడ్ మోడ్ పెట్టండి, అది ఏ పరికరానికి ఆ పరికరంలోనే పెట్టాలి, ఫోనులో పెడితే టీవీకి రాదు.

గుంటూరు_మిర్చి
మా నాన్నగారి అకౌంటట. నిన్నటిదాకా బాబు చూసిన గేము వీడియోలన్నీ ఆయన హిస్టరీలో ఉన్నాయి. ఆయన ఫోనులో రోజూ గేము ప్రకటనలు ఎందుకొస్తున్నాయో ఇప్పుడు తెలిసింది.

కాకినాడ_కాజా
తాతగారి కామెంట్లు మాత్రం పోనివ్వకండి.